సిస్టమ్ తీసుకోవట్లేదు

మీసేవ కేంద్రంలో, తహసీల్దారు ఆఫీసులో, రేషన్ దుకాణంలో, బ్యాంకు కౌంటరు దగ్గర ఇవాళ మనం తరచుగా వింటున్న మాట ఒకటుంది: “సిస్టమ్ తీసుకోవట్లేదండీ.” ఆ మాట వచ్చాక ఇక మాట్లాడటానికి ఏమీ మిగలదు. గుమాస్తా కుదరదంటే బతిమాలతాం, గట్టిగా అడుగుతాం, పై అధికారి దగ్గరికి వెళతాం. సిస్టమ్ కుదరదంటే మాత్రం కాగితాలు సర్దుకుని ఇంటిదారి పడతాం. మనిషి తప్పు చేస్తాడని అందరికీ తెలుసు. కంప్యూటరు తప్పు చేయదని చాలామంది నమ్మకం. పిల్లలకు బడిలో కంప్యూటరు ఎందుకు నేర్పాలని అడిగితే మన దగ్గర దాదాపు అందరూ చెప్పే జవాబు ఉద్యోగం. నా అభిప్రాయం వేరు. ఉద్యోగం రావచ్చు, రాకపోవచ్చు. ఆ కౌంటరు ముందు నిలబడిన రోజున “ఎందుకు తీసుకోవట్లేదు? ఆ నియమం ఎవరు పెట్టారు? తప్పయితే ఎవరు దిద్దుతారు?” అని అడగగలిగే మనిషిని తయారు చేయడానికి కంప్యూటరు చదువు కావాలి. సాంఘిక శాస్త్రంలో రాజ్యాంగం గురించి, పంచాయతీ గురించి, శాసనసభ గురించి చెప్పడం ఎంత అవసరమో ఇదీ అంత అవసరం. పౌరుడికి కావలసిన చదువుల్లో ఇదొకటి.

ఇందుకు రుజువులు మన రాష్ట్రాల్లోనే ఉన్నాయి. తెలంగాణలో సంక్షేమ పథకాలకు ఎవరు అర్హులో తేల్చడానికి ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను వాడారు. వేరు వేరు ప్రభుత్వ శాఖల దగ్గరున్న వివరాలను అది ఒకచోట చేరుస్తుంది. రేషన్ కార్డున్న మనిషీ, కారు రిజిస్టరైన మనిషీ ఒకరేనా అని పోల్చి చూస్తుంది. పోల్చడానికి దానికి ముఖ్య ఆధారాలు పేరూ చిరునామా. తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ఒకే లక్ష్మి ఒక కార్డులో ‘కె, ఎస్, హెచ్’ అక్షరాలతో ఉంటుంది, మరో కార్డులో ‘ఎక్స్’తో ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట వట్టి పొడి అక్షరం. అక్షరం పొల్లుపోకుండా కలవాలని నియమం పెడితే ఒకే మనిషి ఇద్దరవుతాడు. దగ్గరదగ్గరగా కలిస్తే చాలని సడలిస్తే ఇద్దరు మనుషులు ఒకరైపోతారు. ఎంత దగ్గరైతే ఒకరే అనుకోవాలన్నది యంత్రం తనంతట తాను తేల్చుకున్న సంగతి కాదు. ఎక్కడో ఒక మనిషి గీసిన గీత అది. ఆ గీత కాస్త పక్కకు జరిగితే కారెక్కి ఎరగని ఇంటికి కారున్నట్టు తేలుతుంది, బియ్యం ఆగిపోతాయి. తెలంగాణలో 2016 తర్వాత రద్దయిన లక్షలాది రేషన్ కార్డుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కంప్యూటరు లెక్కల్ని మాత్రమే నమ్ముకుంటే కొన్ని కార్డులు అన్యాయంగా రద్దయ్యే ప్రమాదం ఉందనీ, క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించాలనీ 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇంకా బాధ కలిగించే ఉదాహరణ 2019 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు. పరీక్షకు హాజరైన వాళ్లను గైర్హాజరైనట్టు చూపించిన మెమోలు వచ్చాయి. తెలుగులో సున్నా వచ్చిన ఒక విద్యార్థిని జవాబు పత్రాన్ని తిరిగి చూస్తే ఆమె మార్కులు 99. దిద్దినవారు యంత్రం చదివే ఓఎమ్మార్ పత్రంలో 99 బదులు సున్నాల గడులు నింపారు. కంప్యూటరు తనకు ఇచ్చినదాన్ని ఉన్నది ఉన్నట్టు అచ్చువేసింది. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని వేసింది, తప్పినవారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా తిరిగి పరిశీలింపజేసింది. ఇక్కడ గమనించాల్సిన సాంకేతిక విషయం చాలా చిన్నది. మిగతా సబ్జెక్టుల్లో మంచి మార్కులున్న విద్యార్థికి ఒకదాంట్లో సున్నా పడితే ఆ పత్రాన్ని పక్కన పెట్టి మనిషికి చూపించు అనే నియమాన్ని సాఫ్ట్‌వేర్‌లో రాయడానికి గొప్ప మేధస్సు అక్కర్లేదు. ఆ నియమం ఉండాలని ముందే అడిగేవాళ్లు కావాలి. మెమో చేతికి వచ్చిన పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ “ఇది యంత్రం ఇచ్చిన తీర్పు కాదు, ఎక్కడో ఎవరో నింపిన గడి, దాన్ని తిరిగి చూడమనే హక్కు మాకుంది” అన్న ఎరుక ఉంటే అది కేవలం జ్ఞానంగా మిగిలేది కాదు, ధైర్యమయ్యేది.

భూముల సంగతీ ఇంతే. 2020 అక్టోబరులో మొదలైన ధరణి పోర్టల్ పుణ్యమా అని తెలంగాణ పల్లెల్లో ‘మాడ్యూల్’, ‘ఆప్షన్’ అన్న మాటలు రైతుల నోట నానాయి. పాసుపుస్తకంలో సర్వే నంబరు ఎగిరిపోయినా, విస్తీర్ణం తక్కువ పడినా, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి పోయినా దిద్దడానికి పోర్టల్‌లో ఆప్షన్ ఉంటేనే పని జరిగేది. తప్పుల సవరణకు టీఎం 33 వంటి మాడ్యూళ్లు తర్వాత తర్వాత చేర్చారు. తప్పు కళ్లెదుటే కనిపిస్తున్నా తహసీల్దారు చేతులెత్తేయాల్సి వచ్చిన సందర్భాలు కొల్లలు. తెర మీద ఒక మీట లేకపోవడమంటే ఒక అధికారం లేకపోవడమే. ఆ అధికారాన్ని ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది శాసనసభలో చర్చించాల్సిన విషయం. ప్రోగ్రాము రాసేటప్పుడే అది సగం తేలిపోతోంది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టంలో స్థానిక అధికారుల స్థాయిలో అప్పీళ్లకు చోటిచ్చారంటే, అంతకు ముందున్న లోటును చట్టమే ఒప్పుకున్నట్టు. ధరణి రాజకీయ చర్చ అయింది, ఎన్నికల్లో ప్రచారాంశమైంది. అయినా ఆ చర్చలో ఎక్కువ భాగం పేరు చుట్టూ, పార్టీల చుట్టూ తిరిగిందే తప్ప, దిద్దుబాటుకు దారి లేకుండా ఏ వ్యవస్థనూ కట్టకూడదన్న మూల సూత్రం దగ్గరికి రాలేదు. వర్తమాన వ్యవహారాలను చదివి అర్థం చేసుకోవడానికి కంప్యూటరు చదువు కావాలని నేననేది ఇందుకే.

చదువు తక్కువైన చోటే ఇలా జరుగుతుందనుకోవడం పొరపాటు. బ్రిటన్ తపాలా శాఖలో 1999 నుంచి ‘హొరైజన్’ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వచ్చింది. చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపేవారి ఖాతాల్లో అది లేని లోటును చూపించింది. డబ్బు కాజేశారని వాళ్ల మీద కేసులు పెట్టారు. 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. జైలుకు వెళ్లినవారున్నారు, ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవారున్నారు. కంప్యూటరు సాక్ష్యం ఇవ్వాలంటే అది సరిగా పనిచేస్తోందని ముందు నిరూపించాలన్న పాత నిబంధనను ఆ దేశం సరిగ్గా ఆ రోజుల్లోనే, 1999 చట్టంతో తీసేసింది. అప్పటి నుంచి యంత్రం సరిగానే పనిచేస్తోందని కోర్టు అనుకుంటుంది, కాదనేవాడే చూపించాలి. ఊళ్లో పోస్టాఫీసు నడుపుకునే మనిషి ప్రోగ్రాములోని లోపాన్ని ఎలా చూపించగలడు? ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని హైకోర్టు 2019 డిసెంబరులో తేల్చింది. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం 2024లో గానీ రాలేదు. లాయర్లు, జడ్జీలు, పెద్ద అధికారులు, అందరూ చదువుకున్నవారే. కంప్యూటరు అంటే ఏమిటో తెలియకుండా చదువుకున్నవారు.

మరి మన బడి ఏం నేర్పుతోంది? దేశంలో బడి పిల్లలకు కంప్యూటరు పరిచయం చేసే ‘క్లాస్’ పథకం 1984లో మొదలైంది. దానికోసం తెప్పించిన యంత్రాలు బీబీసీ మైక్రోలు. వాటిని ఆన్ చేస్తే బొమ్మలు, ఆటలు కనపడేవి కావు. బేసిక్ భాషలో మీరేం చెప్తారో చెప్పండి అన్నట్టు ఖాళీ గీత ఒకటి ఎదురుచూసేది. ఆదేశం ఇస్తే తప్ప అది ఏ పనీ చేయదు కనుక, దాన్ని ముట్టుకున్న ప్రతి పిల్లవాడికీ మొదటి పాఠం తనంతట అదే అబ్బేది: ఈ యంత్రం చేసే ప్రతి పని వెనకా ఎవరో ఒకరు ఇచ్చిన ఆదేశం ఉంటుంది. తర్వాత తర్వాత కంప్యూటరు పీరియడ్ అంటే పెయింట్‌లో బొమ్మ, వర్డ్‌లో ఉత్తరం, పవర్‌పాయింట్‌లో నాలుగు స్లైడ్లు అయింది. బడి ఇవ్వలేనిదాన్ని హైదరాబాదులో శిక్షణ కేంద్రాలకు నెలవైన అమీర్‌పేట ఇచ్చింది. జావా, ఒరాకిల్, టెస్టింగ్ నేర్చుకుని అక్కడి నుంచి బెంగళూరుకూ, డాలస్‌కూ వెళ్లిన తెలుగువాళ్లు ఎన్నో కుటుంబాలను నిలబెట్టారు. దాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. కానీ అక్కడ నేర్చుకున్నది నౌకరీకి కావలసిన పనితనం. ఆ పనితనం వచ్చినవాళ్లు ఇంటికొకరున్న పేటలో కూడా పింఛను ఎందుకు ఆగిందో అడిగే పౌరుడు ఉండకపోవచ్చు. బ్రిటన్‌కు కూడా ఇదే అనుభవం ఎదురైంది. టైపింగు, స్ప్రెడ్‌షీట్లతో నడిచే పాఠం పిల్లలకు విసుగు పుట్టిస్తోందని అక్కడి శాస్త్రవేత్తల సంస్థ రాయల్ సొసైటీ 2012లో తేల్చి చెప్పింది. 2014 సెప్టెంబరు నుంచి ఇంగ్లండు బడుల్లో ఆ సబ్జెక్టును మార్చి, కంప్యూటరు ఎలా పనిచేస్తుందో అయిదేళ్ల వయసు నుంచే చెప్పడం మొదలుపెట్టారు.

పాఠం మార్చడం కష్టం, పరికరం పంచడం సులువు. అందుకే ప్రభుత్వాలకు రెండోదే ఇష్టం. పిల్లవాడికో ల్యాప్‌టాప్ అనే ప్రపంచవ్యాప్త ఉద్యమంలో పెరూ దేశం లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 గ్రామీణ పాఠశాలల్లో పరిశోధకులు జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. లెక్కల్లో గానీ, భాషలో గానీ ఆ పిల్లలు మిగతావారికంటే ముందుకు పోయిన జాడ అందులో కనిపించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. అందులోని పాఠాలు బైజూస్ సంస్థవి. ఆ సంస్థ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. పరికరం పిల్లవాడి చేతిలో ఉన్నా, అందులోని పాఠం మీద బడికి పట్టు లేకపోతే చదువు ఎవరో ఒకరి వ్యాపారంతో పాటు లేస్తుంది, పడుతుంది. ఇక వాడకం విషయానికొస్తే మన పిల్లలు దాన్ని బడిలో నేర్చుకోనక్కర్లేదు. పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామాల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో వాళ్లలో చదువు కోసం దాన్ని వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. వాడటం వచ్చినవాళ్లకు మళ్లీ వాడకమే నేర్పితే అది చదువనిపించుకోదు.

నేర్పాల్సింది ఏమిటో సేమూర్ పాపర్ట్ అర్ధ శతాబ్దం కిందటే చెప్పాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి, జెనీవాలో మనస్తత్వవేత్త పియాజే దగ్గర పనిచేసి, అమెరికాలోని ఎంఐటీలో స్థిరపడిన గణితవేత్త ఆయన. సహచరులతో కలిసి 1967లో పిల్లల కోసం ‘లోగో’ అనే భాషను తయారు చేశాడు. తాబేలు బొమ్మకు ఇన్ని అడుగులు నడువు, ఇంత తిరుగు అని పిల్లలు ఆదేశాలిస్తే అది గీత గీసుకుంటూ పోతుంది. చతురస్రం రావలసిన చోట వంకర గీత వస్తే తప్పెక్కడుందో పిల్లవాడే వెతుక్కుని దిద్దుకుంటాడు. యంత్రం పిల్లవాణ్ణి నడిపించకూడదు, పిల్లవాడే యంత్రాన్ని నడిపించాలి అన్నది ఆయన పట్టుదల. తప్పుకు మార్కులు కోసే మన పరీక్షల లోకంలో ఈ పద్ధతికి మరీ విలువుంది. తప్పు సిగ్గుపడాల్సింది కాదనీ, వెతికి దిద్దాల్సిందనీ ఒంటబట్టిన పిల్లవాడు రేపు ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లోనూ తప్పును వెతుకుతాడు. దీనికి గది నిండా యంత్రాలు అక్కర్లేదు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులు అసలు కంప్యూటరే లేకుండా కంప్యూటరు శాస్త్రం చెప్పే ఆటలను 1990ల నుంచే తయారు చేస్తున్నారు. నేల మీద గీతలు గీసి, పిల్లల్నే అంకెలుగా నిలబెట్టి వరసలో పేర్చడం నేర్పుతారు. మన బడిలో హాజరు పట్టీ చాలు. అందులోని పేర్లనూ ఆధార్ కార్డుల మీది పేర్లనూ పోల్చడానికి ఏ నియమం పెట్టాలో తరగతి మొత్తం కూర్చుని రాస్తే, ఆ నియమం ఎవరిని బయటకు నెట్టేస్తుందో వాళ్ల కళ్లకే కనిపిస్తుంది. సమగ్ర వేదికలోని చిక్కంతా ఏడో తరగతి పిల్లలకు ఒక్క పీరియడ్‌లో అర్థమవుతుంది.

దీనికి మొదటి అభ్యంతరం ఎప్పుడూ ఒకటే: బండి నడపడానికి ఇంజను గురించి తెలియాలా? అక్కర్లేదు, నిజమే. కానీ బండి మనకు రేషను అర్హత ఉందో లేదో తేల్చదు, మన మార్కులు వేయదు, మన పొలం ఎవరిదో చెప్పదు. మన మీద నిర్ణయాలు తీసుకునే వస్తువు గురించి మనకు తెలియాల్సిన స్థాయి వేరు. చట్టం మన జీవితాన్ని నిర్ణయిస్తుంది కాబట్టే అందరం లాయర్లం కాకపోయినా ప్రాథమిక హక్కులంటే ఏమిటో బడిలో చదువుతాం. ప్రోగ్రాము కూడా అమలయ్యే నియమమే కాబట్టి దాని గురించీ ఆ మాత్రం తెలియాలి. రెండో అభ్యంతరం కొత్తది: కృత్రిమ మేధే ప్రోగ్రాములు రాస్తున్నప్పుడు పిల్లలు నేర్చుకోవడం దేనికి? ఉద్యోగం కోసమే నేర్చుకోవాలనుకుంటే ఈ ప్రశ్నకు బలముంది. తెలుసుకోవడం కోసం అనుకుంటే మాత్రం కృత్రిమ మేధ వచ్చాక అవసరం ఇంకా పెరిగింది. ఆ యంత్రం ఇప్పటిదాకా చదివిన రాతల ఆధారంగా తర్వాత ఏ మాట రావచ్చో లెక్క కట్టి రాస్తుంది. అందుకే నిజమూ అబద్ధమూ ఒకే ధీమాతో చెప్పగలదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. వాళ్లకు వాడటం వచ్చు. అది ఎలా పనిచేస్తుందో తెలియదు.

మూడో అభ్యంతరాన్ని నేను అన్నిటికంటే గౌరవిస్తాను. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవారు దాదాపు నలుగురిలో ఒకరే అని అదే అసర్ నివేదిక చెప్తోంటే, ముందు చదవడం రాయడం నేర్పకుండా కంప్యూటరు ఎందుకు అని టీచర్లు అడుగుతారు. ఆ ప్రశ్న పూర్తిగా న్యాయం. చదవడం రాని పిల్లవాడి చేతిలో ట్యాబ్ పెట్టడం కంటే చదవడం నేర్పడమే గొప్ప పని, అందులో సందేహం లేదు. నేను అడుగుతున్నది చదువుకు పోటీ వచ్చేది కాదు. ఆదేశాన్ని స్పష్టంగా రాయడం భాషా పాఠం, నియమాన్ని అన్ని సందర్భాలకూ సరిచూడటం లెక్కల పాఠం, ఆ నియమం ఎవరికి నష్టమో చూడటం సాంఘిక పాఠం. ఆరో తరగతి నుంచి వారానికి ఒకటి రెండు పీరియడ్లు, అదీ తెలుగులో, సరిపోతుంది. జాతీయ విద్యా విధానం 2020 కూడా కోడింగును ఆ తరగతుల్లోనే మొదలుపెట్టమంది. మూడో తరగతి నుంచే 2026–27లో కృత్రిమ మేధ పాఠాలు తెస్తామని కేంద్ర విద్యాశాఖ ప్రకటించింది. ఆ పాఠాలు కొత్త వస్తువుల వాడకానికి ప్రకటనల్లా కాకుండా, అవి ఎక్కడ పొరబడతాయో చెప్పేలా ఉండాలి.

ఇక డబ్బు, టీచర్లు. 2023–24 లెక్కల ప్రకారం దేశంలో పనిచేసే కంప్యూటర్లున్న బడులు 57 శాతమే. ఇంగ్లండు పాఠం మార్చింది గానీ చెప్పేవాళ్లను సిద్ధం చేయడంలో వెనకబడింది. సగానికి పైగా పాఠశాలలు పదహారేళ్లప్పుడు రాసే పరీక్షకు కంప్యూటర్ సైన్సును అందించడం లేదని 2017లో అదే రాయల్ సొసైటీ విచారపడింది. అంటే పాఠ్యప్రణాళిక మార్చే జీవో ఒక్కటీ చాలదు. చేసి చూపించినవాళ్లు పక్కనే ఉన్నారు. కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. బయటి సంస్థలకు అప్పగించకుండా బడి టీచర్లలోంచే శిక్షకులను తయారు చేసింది. లైసెన్సు రుసుము లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను, మలయాళంలో పనిచేసే తెరలను ఎంచుకుంది. 2018లో మొదలైన ‘లిటిల్ కైట్స్’ క్లబ్బుల్లో పిల్లలే పిల్లలకు నేర్పుతున్నారు. 2024లో ఏడో తరగతి పుస్తకంలో కృత్రిమ మేధ పాఠం వచ్చింది. ఇరవై ఏళ్లు ఓపిగ్గా పట్టుకుని చేసిన పని అది. హైదరాబాదులో హైటెక్ సిటీ కట్టి పాతికేళ్లు దాటిన మనకు, ప్రపంచంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసే ఇంతమంది మనుషులున్న మనకు ఇది అసాధ్యమని నేను ఒప్పుకోను.

కాబట్టి ప్రభుత్వాలను అడగాల్సింది ఎన్ని ట్యాబ్‌లు పంచారని కాదు. పదో తరగతి దాటిన పిల్లవాడు ఒక ప్రభుత్వ వెబ్‌సైటు తన దరఖాస్తును ఏ నియమం మీద తోసిపుచ్చి ఉంటుందో ఊహించి చెప్పగలుగుతున్నాడా, ఒక ఫోన్ యాప్ తన గురించి ఏమేం పోగుచేస్తుందో వివరించగలుగుతున్నాడా, యంత్రం ఇచ్చిన జవాబును ఎలా సరిచూడాలో తెలుసుకున్నాడా అని అడగాలి. సాంఘిక శాస్త్రం పుస్తకంలో మీసేవ, ఆధార్, భూభారతి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వాట్సాప్ సేవలు పాఠాలు కావాలి. వాటిని ఎవరు నడుపుతారు, ఏ వివరాలు తీసుకుంటారు, తప్పు జరిగితే ఎన్ని రోజుల్లో ఎవరు దిద్దాలి అన్నది పిల్లలు చదవాలి. డబ్బున్నవాళ్లు తమ పని జరగడానికి ఎవరో ఒక తెలిసినవాణ్ణి పట్టుకోగలరు. లేనివాళ్లకు తమ ప్రశ్న తామే అడగడం తప్ప దారి లేదు, ఆ ప్రశ్న వేయడం వాళ్లకు ఉచితంగా నేర్పగల చోటు ప్రభుత్వ బడి ఒక్కటే. ప్రశ్న వస్తుందని తెలిసిన రోజున సాఫ్ట్‌వేర్ కట్టేవాళ్లు కారణం చెప్పే ఏర్పాటు, తప్పు దిద్దే ఏర్పాటు ముందే చేసి పెడతారు. పాలన అంతా కంప్యూటరులోకి వెళ్లిపోతున్న కాలంలో ప్రజాస్వామ్యం నిలవాలంటే ఆ ప్రశ్న పల్లెటూరి బడి నుంచే రావాలి.